కాకినాడ కాలేజీ, మన అల్లవరం

ఇప్పటి జేఎన్‌టీయూ కాకినాడ పుట్టింది విశాఖపట్నం పేరు మీద. 1946లో ఉమ్మడి మద్రాసు ప్రభుత్వం ‘కాలేజ్ ఆఫ్ ఇంజినీరింగ్, వైజాగపట్నం’ అని మొదలుపెట్టిన సంస్థ ఆ ఏడే కాకినాడ చేరింది. అంతకుముందు ఇంజినీరు కావాలనుకున్న కోస్తా కుర్రవాళ్లలో చాలామందికి దారి మద్రాసులోని గిండీ కాలేజీయే. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం అయిపోయింది. కాలవలు, రోడ్లు, కరెంటు, ఏ పని మొదలుపెట్టాలన్నా ఇంజినీర్లు చాలని కాలం. రాయలసీమ కోసం అనంతపురం కాలేజీ కూడా అదే ఏడు పుట్టి, మొదట గిండీ ఆవరణలోనే నడిచి, తర్వాత సొంతూరికి వెళ్లింది.

మన అల్లవరం వాళ్లకు కాలేజీ పక్క ఊళ్లోకే వచ్చినట్టు లెక్క. కానీ ఆ రోజుల్లో వంతెన లేదు, మధ్యలో గోదావరి పాయ గౌతమి అడ్డు. అమలాపురం మీదుగా ముక్తేశ్వరం రేవుకు పోవాలి, పంటెక్కి కోటిపల్లిలో దిగాలి. కాదంటే ఎదుర్లంక దాకా వెళ్లి యానాం వైపు దాటాలి. ట్రంకుపెట్టె, చుట్టిన పరుపు, అమ్మ కట్టిన ఆవకాయ జాడీ ఒకదాని తర్వాత ఒకటి బల్లకట్టు మీదికి దించుకోవాలి. ఏటికి నీరొస్తే పంటు ఆగిపోతుంది, ప్రయాణం మర్నాటికి పడుతుంది. కోటిపల్లి నుంచి కాకినాడకు 1928లో రైలు వేశారు గానీ, 1940లో యుద్ధావసరాలకని పట్టాలు పీకేశారు. కాలేజీ వచ్చింది, రైలు లేదు! ఆ పట్టాలు మళ్లీ పడేసరికి 2004. దానికి రెండేళ్ల ముందే యానాం–ఎదుర్లంక వంతెన వచ్చి లోక్‌సభ స్పీకరుగా పనిచేసిన మన కోనసీమ బాలయోగి పేరు పెట్టుకుంది. ఇప్పటి పిల్లలు బస్సులో నిద్రపోతూనే గౌతమి దాటేస్తున్నారు.

కాలేజీ తర్వాతి కథ అందరికీ తెలిసిందే. 1972లో కాకినాడ, అనంతపురం, హైదరాబాద్ కాలేజీలను కలిపి జవహర్‌లాల్ నెహ్రూ సాంకేతిక విశ్వవిద్యాలయం చేశారు. 2008లో దాన్ని విడగొట్టినప్పుడు కాకినాడ తన కాళ్ల మీద తాను నిలబడింది. 2022లో ఉత్తరాంధ్ర కాలేజీలు విజయనగరంలోని కొత్త విశ్వవిద్యాలయం కిందికి వెళ్లాయి.

మన అల్లవరం మండలానికి ఇంజినీరింగ్ చదువు 1997లో నేరుగా వచ్చింది. ఓడలరేవులో బోనం వెంకట చలమయ్య పేరిట కాలేజీ పెట్టారు. అంతకు ముందటి నవంబరు తుపాను కొబ్బరిచెట్లను కూల్చేసి పోయిన దుఃఖం కోనసీమకు ఇంకా తీరని రోజులవి. గోదావరి పాయ వైనతేయ సముద్రంలో కలిసే చోట క్లాసురూము ఏమిటని నవ్వినవాళ్లూ లేకపోలేదు.

ఇక నా మాట. కాకినాడ విశ్వవిద్యాలయం ఎందరో ఇంజినీర్లను ఇచ్చింది, ఆ మేలు చిన్నది కాదు. కానీ అనుబంధ కాలేజీలు పెరిగినకొద్దీ పరీక్షలు పెట్టడం, ఫలితాలు ఇవ్వడం దాని ప్రధాన పనైపోయింది. పరిశోధన వెనకబడింది. పరిశోధించడానికి ఏమీ లేక కాదు, మన తీరం నిండా అదే. 1995 జనవరిలో వైనతేయ అవతల పాసర్లపూడి గ్యాస్ బావి బద్దలై 65 రోజులు మండింది. ఆర్పడానికి విదేశీ నిపుణుల్ని పిలిపించారు. ఇప్పుడు ఓడలరేవు టెర్మినల్‌కు సముద్రం అడుగు నుంచి గ్యాస్ వస్తోంది. ఓఎన్‌జీసీ 98/2 బ్లాకులో 2024 జనవరిలో తొలి చమురు పైకొచ్చింది. కాకినాడ క్యాంపస్‌లో పెట్రోలియం ఇంజినీరింగ్ ఉంది. ఆ పిల్లలకు ఇంతకంటే దగ్గరి ప్రయోగశాల ఎక్కడ దొరుకుతుంది?

గ్యాస్ కంటే మనల్ని ఎక్కువ బాధించేది మురుగునీరు. డ్రెయిన్లు సముద్రంలో కలిసే మొగల దగ్గర ఇసుక మేటలు వేస్తుంది. వాననీరు చేలల్లోంచి కదలదు, పోటుకు ఉప్పునీరు వెనక్కి ఎక్కుతుంది. 2011లో మన రైతులు పంట విరామం ప్రకటించడానికి గిట్టుబాటు ధర లేకపోవడం ఎంత కారణమో ఈ ముంపూ అంత కారణం. ఏ నెలలో ఏ మొగ ఎంత పూడుతుంది, ఎక్కడ తవ్వితే నిలుస్తుంది, రొయ్యల చెరువుల ఉప్పు పక్క చేలోకి ఎంత దూరం ఊరుతుంది అన్నవి ఏటా కొలవాల్సిన లెక్కలు. కొలిచేవాళ్లుంటే డ్రెయిన్ల శాఖ ఇంజినీరు దగ్గరికి రైతు ఉత్త చేతులతో వెళ్లక్కర్లేదు.

కాకినాడ ఆచార్యులకు అల్లవరం తరఫున ఒక మనవి. ఓడలరేవు కాలేజీతో కలిసి ఇక్కడొక చిన్న పరిశోధన కేంద్రం తెరవండి. చివరి ఏడు ప్రాజెక్టుల్లో కొన్నయినా మా మొగల మీద చేయించండి. పడవ, ఇసుక లోతు చూసే గెడ, ఏటి మలుపులు తెలిసిన మత్స్యకారులు ఇక్కడే ఉన్నారు. వచ్చే తొలకరికి ముందే మొదటి కొలత తీయండి.