అప్పుల్లో చిక్కుకుంటే పైసా ఖర్చు లేకుండా సలహా ఎక్కడ దొరుకుతుంది?

అప్పు తీర్చడం కష్టమైనప్పుడు చాలామంది పాత అప్పు కట్టడానికి కొత్త అప్పు చేస్తారు. లేదంటే 'సెటిల్‌మెంట్ చేయిస్తాం' అంటూ ముందే ఫీజు అడిగేవారిని నమ్ముతారు. రూపాయి కట్టకుండా సంప్రదించగల వ్యవస్థలు దేశంలో ఉన్నాయి. అయితే ఏది ఎంతవరకు పనికొస్తుందో ముందే తెలుసుకోవాలి.

ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు

రుణ సలహా కేంద్రాల కోసం రిజర్వు బ్యాంకు 2009లో ఒక నమూనా పథకం తెచ్చింది. 2012లో మార్గదర్శకాలు మారాక అవి 'ఆర్థిక అక్షరాస్యత కేంద్రాలు' అయ్యాయి. పేరులోంచి 'రుణ సలహా' పోయింది, పొదుపు, ఖాతాలు, డిజిటల్ చెల్లింపులపై అవగాహన ప్రధానమైంది. వీటిని నడిపేది ఎక్కువగా లీడ్ బ్యాంకులు. మీ జిల్లా కేంద్రం చిరునామాను లీడ్ బ్యాంకు కార్యాలయంలో అడగవచ్చు.

అంబుడ్స్‌మన్

అప్పు ఇచ్చిన సంస్థతోనే గొడవైతే ముందు ఆ సంస్థకే రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తినివ్వకపోయినా రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను ఆశ్రయించవచ్చు. ఫీజు లేదు, న్యాయవాది అక్కర్లేదు. సమాచారం కోసం 14448కి ఫోన్ చేయవచ్చు. అయితే సేవాలోపాలపైనే విచారణ ఉంటుంది. అప్పు మాఫీ చేయమని అంబుడ్స్‌మన్ ఆదేశించరు.

వసూలు పేరిట వేధింపులు

ఉదయం 8కి ముందు, రాత్రి 7 తర్వాత వసూలు ఏజెంట్లు ఫోన్ చేయకూడదని 2022 ఆగస్టులో రిజర్వు బ్యాంకు స్పష్టం చేసింది. బెదిరించడం, బంధుమిత్రుల ముందు అవమానించడం కూడా నిషిద్ధమే. లోన్ యాప్‌ల వేధింపులతో తెలంగాణలో ఆత్మహత్యలు జరిగాక, 2021 జనవరిలో డిజిటల్ రుణాలపై రిజర్వు బ్యాంకు కార్యాచరణ బృందాన్ని నియమించింది. ఫోన్‌లో డబ్బు కాజేస్తే వెంటనే 1930కి చెప్పాలి. అనుమతి లేని సంస్థలపై 'సచేత్' పోర్టల్‌లో ఫిర్యాదు చేయవచ్చు.

కోర్టు నోటీసు వస్తే

జిల్లా న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా న్యాయవాదిని ఇస్తుంది. మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయ పరిమితి లేదు. హెల్ప్‌లైన్ 15100. లోక్ అదాలత్‌లో రాజీ కుదిరితే అదే తుది తీర్పు, అప్పీలు ఉండదు. అందుకే కిస్తీ ఎంతో, గడువు ఎప్పుడో సరిచూసుకున్నాకే సంతకం చేయాలి.

ఇన్ని తలుపులున్నా, అప్పులవాళ్లందరితో మన తరఫున మాట్లాడి ఒకే చెల్లింపు ప్రణాళిక కుదిర్చే ప్రభుత్వ సలహాదారు మాత్రం వీటిలో ఎక్కడా లేరు. అప్పుల చిట్టా రాసుకుని, ఒక్కో సంస్థతో విడివిడిగా మాట్లాడుకోవాల్సింది అప్పు తీసుకున్నవారే. వాయిదా తప్పకముందే ఆ పని మొదలుపెడితే బేరానికి కాస్త చోటుంటుంది.