నెల్లూరు తీరానికి జాజ్ వచ్చిన దారులు

జాజ్ అనే మాట వినగానే మన అభ్యుదయ మిత్రుల్లో కొందరు మొహం చిట్లిస్తారు. అది అమెరికా ధనికుల విలాస సంగీతమని, హోటళ్లలో తాగి తూగేవారి కాలక్షేపమని వారి అభిప్రాయం. నెల్లూరులో మేము ఐదారుగురం అధ్యాపకులం, విద్యార్థులం అప్పుడప్పుడూ కూర్చుని, యీ మధ్య యెవరేమి విన్నామో చెప్పుకుంటూ వుంటాం. అక్కడా యీ ఆక్షేపణ తప్పటంలేదు. దీనికి సమాధానం చరిత్రలో వెతకటం మంచిది.

మన తీరానికి యీ సంగీతం చేరిన దారుల్లో వొకటి రైలుదారి. ఆవిరి యింజన్ల కాలంలో బిట్రగుంటలో పెద్ద లోకో షెడ్డు, దానికి తగిన రైల్వే కాలనీ వుండేవి. ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు అక్కడ కాపురమున్నాయి. అటువంటి కాలనీల ఇన్‌స్టిట్యూట్లలో పాశ్చాత్య నృత్యాలు, బాండు వాద్యాలు వాడుకగా సాగేవి. గోడకు యివతల పొలంలో వున్న కూలీకి మాత్రం చేరింది ఆ చప్పుడే.

రెండవది రేడియో దారి. యిది మరింత విశాలమైనది. 1952లో సమాచార శాఖ మంత్రి అయిన కేస్కర్ ఆకాశవాణిలో సినిమా పాటను అణచివేయగా, జనం సిలోన్ రేడియో వైపు తిరిగారు. సముద్రం మీదుగా వచ్చే ఆ షార్టువేవు ప్రసారాల్లో పాశ్చాత్య గీతాలు కూడా వినిపించేవి. శుద్ధ సంగీతాన్ని కాపాడాలని పెట్టిన ఆంక్ష శ్రోతను పరాయి తీరానికే తరిమింది! 1957 అక్టోబరు 3న వివిధభారతి పెట్టక తప్పలేదు.

మూడవది మద్రాసు సినిమా. యిక్కడ కాస్త ఆగాలి. జాజ్ పేరు విననివారు కూడా ట్రంపెట్టును, శాక్సఫోనును విన్నది తెరమీదనే. కాని యే సన్నివేశంలో? ప్రతినాయకుని స్థావరంలో, క్లబ్బు నాట్యంలో. కులస్త్రీకి వీణ, చెడిపోయినదనుకున్న ఆడదానికి శాక్సఫోను! 1973 నాటి 'దేవుడు చేసిన మనుషులు'లో ఎల్.ఆర్. ఈశ్వరి పాడిన క్లబ్బు పాటను మన జనం యెంతో యిష్టంగా విన్నారు. అయినా ఆ వాద్యాలకు మర్యాద దక్కలేదు. మన మిత్రులు జాజ్‌కు అంటగట్టే దుర్నీతిలో సగం యీ స్టూడియోలు నేర్పినదే. అభ్యుదయవాది తన అభిరుచి యెక్కడిదో వెనక్కి తిరిగి చూసుకోవద్దా?

జాజ్ పుట్టింది బానిసల సంతతి నుండి. పత్తిచేలలో వొకడు యెత్తుకుంటే పదిమంది అందుకున్న పాట దాని మూలాల్లో వొకటి. మన తీరంలో అలివి వల లాగేటప్పుడు పాడే పాట పద్ధతీ అదే. బుర్రకథలో కథకునికి వంతలు బదులు పలకటం కూడా ఆ కోవలోదే. అయితే పోలిక వేరు, బంధుత్వం వేరు. పదిమంది కండలు వొక్కసారి కదలవలసినచోట యెక్కడైనా అలాంటి పాట పుడుతుంది. అంతకుమించి చెప్పటం అత్యుత్సాహం.

అమెరికా ప్రభుత్వం యీ సంగీతాన్ని ప్రచారానికి వాడుకున్న మాట నిజమే. 1958లో బ్రూబెక్‌ను, 1963లో ఎల్లింగ్టన్‌ను మన దేశానికి పంపింది. యిద్దరూ మద్రాసు వచ్చారు. బ్రూబెక్ అక్కడ మృదంగం విన్నాడు. కాని వాయించినవారంతా ప్రభుత్వం చేతి బొమ్మలు కారు. 1957లో లిటిల్ రాక్ బడిలో నల్ల పిల్లలను అడ్డుకున్నప్పుడు, ఆ ప్రభుత్వం తరఫున సోవియట్ యాత్రకు వెళ్లనని లూయీ ఆర్మ్‌స్ట్రాంగ్ తిరగబడ్డాడు.

మొన్న మా కూటమిలో వొక విద్యార్థి తన ఫోనులో బిల్లీ హాలిడే 1939లో పాడిన 'స్ట్రేంజ్ ఫ్రూట్' వినిపించాడు. చెట్లకు వేలాడదీసిన నల్లవారి శవాల గురించిన పాట అది. రాసినవాడు ఏబెల్ మీరోపోల్. న్యూయార్కులో బడిపంతులు, కమ్యూనిస్టు. హాలిడేతో ఒప్పందమున్న కొలంబియా కంపెనీ ఆ పాటను రికార్డు చేయటానికి నిరాకరించింది. కమొడోర్ అనే చిన్న కంపెనీ ముందుకు వచ్చింది. పాట అయిపోయాక మాటలు 1985 నాటి కారంచేడు వైపు, 1991 నాటి చుండూరు వైపు మళ్లాయి. ఆ వూళ్ల మీద తెలుగులో యేయే పాటలు వచ్చాయో, వాటిలో రికార్డుకు యెక్కినవి యెన్నో లెక్కవేస్తూ చాలాసేపు కూర్చున్నాం.