పందుంపుల్ల చరిత్రము

ఓరుగల్లు కోటలోని శిలాతోరణములను వర్ణించినవారు పెక్కండ్రు గలరు. ఆ నగరవాసులు వేకువను దేనితో పండ్లు తోముకొనిరో విచారించినవారు అరుదు. చరిత్రయన రాజవంశావళి మాత్రమే కాదని మా యభిప్రాయము. రుద్రమదేవి కాలపు మల్కాపుర శాసనము (1261) ప్రసూతిశాలకును ఆరోగ్యశాలకును గ్రామాదాయములో భాగము కేటాయించినది. దేహారోగ్యము నాడు ధర్మకార్యములలో జేరియుండెను.

దంతధావనము అంతకంటె ప్రాచీనము. పండ్రెండంగుళముల పొడవును చిటికెనవ్రేలి లావును గల పచ్చిపుల్లను సుశ్రుతసంహిత విధించినది; చేదువానిలో వేపను, వగరువానిలో చండ్రను, కారపువానిలో కానుగను మేలన్నది. ఏడవ శతాబ్దమున వచ్చిన చీనాయాత్రికుడు ఇత్సింగు ఈ యలవాటును తన గ్రంథమున వివరించెను. ఇంతవరకు బాగుగనే యున్నది. పిమ్మట స్మృతికారులు కొందరు పుల్ల పొడవును వర్ణమునుబట్టి కొలిచిరి. అమావాస్య మున్నగు తిథులందు దానిని ముట్టరాదనిరి. పంటిపాచిలోని క్రిములు పంచాంగము చూచునా!

ఆ క్రిములను 1683లో హాలండు దేశీయుడగు లీవెన్‌హుక్ సూక్ష్మదర్శనితో గాంచి లండను రాయల్ సొసైటీకి వ్రాసెను. తీపిని, పిండిపదార్థములను అవి పులియజేయగా బుట్టు ఆమ్లమే పంటిని కరగించునని 1890లో మిల్లర్ వివరించెను. 1924లో క్లార్కు పుచ్చుపండ్లనుండి స్ట్రెప్టోకాకస్ మ్యూటన్స్‌ను వేరుపరచెను. 1942లో సలీముజ్జమాన్ సిద్దిఖీ వేపనూనెనుండి నింబిన్ మున్నగు చేదు ద్రవ్యములను విడదీసెను.

ఓరుగంటిలో 1959లో కాకతీయ వైద్యకళాశాలయు, 1976లో కాకతీయ విశ్వవిద్యాలయమును వెలసినవి. మూలికలను ప్రయోగశాలలలో పరీక్షించు విధమును గృహస్థులును ఎరుగుట మంచిది. ఆకు నెండించి, పొడిచేసి, నీటితో గాని మద్యసారముతో గాని రసము దీయుదురు. క్రిములను జల్లిన అగారు పలకలో గుంటచేసి దానిని పోసి, మరునాడు చుట్టును క్రిములు పెరుగని వలయమును కొలుతురు. మద్యసారమే క్రిమిఘ్నము గనుక, మూలిక చేరని మద్యసారమును వేరొక గుంటలో బోసి పోల్చనిచో ఆ కొలతకు విలువలేదు. పోల్చినను, పలక నోరు గాదు. నోట క్రిములు జిగటపొరయై పంటి నంటియుండును. రసమును లాలాజలము త్వరలోనే కడిగివైచును. పుల్లవలని మేలులో కుంచె రాపిడి పాలెంత, రసము పాలెంత యనునదియు తేల్చవలసియుండును. ఫ్లోరైడు పేస్టునకు గల సాక్ష్యబలము ఏ పుల్లకును ఇంకను సమకూడలేదు.

ఇది తెలియక, తాతలు వాడిరని ఇటుకపొడితో పంటి పింగాణి నరుగదీయువారు కొందరు. డబ్బాపై వేపాకు బొమ్మ జూచి కొనువారు కొందరు. రాత్రి పన్నునొప్పితో ఏడ్చు బిడ్డకు తల్లి లవంగతైలము దూదితో నద్దును. అందలి యూజినాల్ నొప్పిని మొద్దుబార్చును, బిడ్డ నిద్రించును. నొప్పి పోయినదిగదా యని మరునాడు దంతవైద్యుని యొద్దకు బోరు. పుచ్చు మాత్రము లోపలి నరమువరకు దొలుచుకొనుచునే పోవును.