పొయ్యి ఎరుగని మిఠాయి

మిఠాయి యనగానే మనకు పొయ్యి, పాకము, నెయ్యి గుర్తుకు వచ్చును. అయితే పొయ్యి వెలిగింపకుండనే తయారగు మిఠాయి ఒకటి కలదు. చిక్కని మీగడను నురుగు కట్టునట్లు గిలకొట్టి, అందు డబ్బాలో దొరకు తియ్యని చిక్కనిపాలు, చాక్లెట్టు తురుము, కిస్‌మిస్, ఖర్జూరపు ముక్కలు కలిపి, రిఫ్రిజిరేటరులో గడ్డకట్టు అరయందు ఒక రాత్రి ఉంచిన చాలును. సూళ్లూరుపేట వంటి ఊరిలో, మే నెల ఎండలలో సైతము, నేడిది పిల్లలు చేయదగిన పని. కాని ఇచ్చట నిప్పునకు బదులు పనిచేయు చలిని సంపాదించుటకు మానవుడు పడిన శ్రమ చిన్నది కాదు.

16వ శతాబ్ది చివర అబుల్ ఫజల్ వ్రాసిన ‘ఐనె అక్బరీ’లో అక్బరు పాదుషా కొరకు నీటిని చల్లబరచు విధానము కలదు. సురేకారము కలిపిన నీటిలో మంచినీటి పాత్రను త్రిప్పుచుండిరి. సురేకారము కరుగునపుడు పరిసరముల వేడిని గ్రహించును. దీనివలన చల్లని నీరు దొరకును గాని, పాలు గడ్డకట్టవు. అందుకు మంచు కావలెను. 1586 తరువాత లాహోరులోని పాదుషా కొలువునకు కొండల నుండి మంచు తెప్పించిరి.

మన తీరమునకు మంచుకొండలు లేవు. అది సముద్రముపై వచ్చెను! అమెరికాలోని బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడరు, శీతకాలమున చెరువులపై పేరుకొన్న మంచును కోయించి ఓడలలో పంపెను. 1833లో ‘టస్కనీ’ అను ఓడ 180 టన్నుల మంచుతో బయలుదేరి, నాలుగు మాసములకు కలకత్తా చేరెను. అప్పటికి మిగిలినది సుమారు 100 టన్నులు. 1842లో మదరాసు సముద్రతీరమున మంచు నిలువ చేయుటకు ఒక భవనము కట్టిరి. సూళ్లూరుపేటకు అది సుమారు 80 కిలోమీటర్లు. 1897లో వివేకానందస్వామి బస చేసినది ఆ భవనమందే. యంత్రములతో మంచు చేయు పద్ధతి వచ్చిన పిమ్మట ఓడల వ్యాపారము అంతరించెను.

మంచు మాత్రమే చాలునా? చాలదు. చక్కెర కలిసిన పాలు సున్న డిగ్రీ వద్ద గడ్డకట్టవు. మూడు పాళ్లు మంచుముక్కలకు ఒక పాలు ఉప్పు కలిపి చూడుడు. ఉప్పు తగిలిన మంచు వేగముగా కరుగును. కరుగుటకు గ్రాముకు 80 కేలరీల వేడి కావలెను. ఆ వేడిని మిశ్రమము తననుండియే తీసికొని, సున్నకు దిగువ 21 డిగ్రీల సెంటిగ్రేడు వరకు చల్లబడగలదు. ఉపాధ్యాయులు దీనిని తరగతిలోనే చూపవచ్చును. 1843లో అమెరికాలో నాన్సీ జాన్సను అను స్త్రీ ఈ సూత్రముపైననే చేతితో త్రిప్పు ఐస్‌క్రీము యంత్రమునకు పేటెంటు పొందెను. త్రిప్పుటవలన మంచు స్ఫటికములు చిన్నవిగా ఏర్పడి మిఠాయి మెత్తనగును. మన మిఠాయిలో ఆ పనిని మీగడలోని గాలి బుడగలు, కొవ్వు, చక్కెర చేయును.

పచ్చి ద్రాక్షకు బదులు కిస్‌మిస్ ఏల? పచ్చి పండులో నీరెక్కువ. అది రాయివలె గడ్డకట్టును. ఎండు పండులో నీరు తక్కువ, చక్కెర ఎక్కువ. అందుచే పంటికి లొంగును. చాక్లెట్టులోని కోకో వెన్న సుమారు 34 డిగ్రీల వద్ద కరుగును. చల్లని నోటిలో అది త్వరగా కరగదు. కావున ముక్కలకంటె తురుము మేలు. ఈ కోకో అమెరికా ఖండపు మొక్క. నేడు గోదావరి ప్రాంతపు కొబ్బరితోటలలోను పండుచున్నది.

చలిని సాధించు శాస్త్రము అంతటితో ఆగలేదు. సూళ్లూరుపేట పొరుగున గల శ్రీహరికోటలో రాకెట్ల కొరకు ద్రవ ఆక్సిజనును సున్నకు దిగువ 183 డిగ్రీల వద్ద, ద్రవ హైడ్రోజనును 253 డిగ్రీల వద్ద నిలుపుచున్నారు. స్వదేశీ క్రయోజెనిక్ ఇంజను 2010లో విఫలమై, 2014 జనవరి 5న విజయము పొందెను. ఒకనాడు పాదుషాలకు, దొరలకు మాత్రమే దక్కిన చలి నేడు మందులను, చేపలను, పాలను కాపాడుచున్నది. అది అందని పల్లెలో టీకామందు చెడును, జాలరి శ్రమ వ్యర్థమగును. గిన్నెలోని తీపిని రుచి చూచు విద్యార్థి ఈ సంగతిని గూడ తలపవలెను.