రాజపాళయం జాగిలం, దాని మెడపట్టీ

రాజపాళయం జాగిలం తమిళనాడులోని విరుదునగర్ జిల్లాకు చెందిన వేటకుక్క. పడమటి కనుమల పాదాన ఉన్న రాజపాళయం పట్టణం, తళవాయిపురం వంటి చుట్టుపక్కల ఊళ్లు దీని పుట్టిల్లు. పాలలాంటి తెలుపు, గులాబీ రంగు ముక్కు, బంగారు వన్నె కళ్లు, వేలాడే చెవులు, లోపలికి లాగిన పొట్ట దీని గుర్తులు. మగకుక్క భుజం దగ్గర 65 నుంచి 75 సెంటీమీటర్ల ఎత్తు ఉంటుంది. దీన్ని పెంచి పేరు తెచ్చినవారు విజయనగర కాలం నుంచి ఈ వైపు వచ్చి స్థిరపడిన తెలుగు రాజులు. చుట్టూ తమిళం ఉన్నా వారి ఇళ్లలో ఇప్పటికీ తెలుగు వినిపిస్తుంది. ఊరి పేరులోని రాజులూ వారే.

కుక్కను తాడుతో పట్టుకుని వేటకు వెళ్లడం మనిషికి చాలా పాత అలవాటు. సౌదీ అరేబియాలోని షువైమిస్, జుబ్బా శిలాచిత్రాల్లో వేటగాడి నడుము నుంచి కుక్కల మెడల దాకా గీతలు కనిపిస్తాయి. అవి ఎనిమిది వేల ఏళ్లకు పైబడినవి కావచ్చని, ఆ గీతలు బహుశా తాళ్లేనని వాటిని పరిశీలించినవారు 2017లో ప్రకటించారు. వేటకుక్కల గురించి దక్షిణాదిలో ఇంతకంటే గట్టి సాక్ష్యం కర్ణాటకలోని ఆతకూరు శాసనం. క్రీ.శ. 949-50 నాటి ఆ శాసనం కాళి అనే వేటకుక్క ఒక అడవిపందితో పోరాడి, దాన్ని చంపి తానూ చచ్చిన సంగతి చెబుతుంది. గంగరాజు బూతుగుడు తన వీరుడు మణలేరుడికి బహుమానంగా ఇచ్చిన కుక్క అది. దానికి గుడి ముందు వీరగల్లు నిలిపి, పూజకు భూమి కూడా ఇచ్చారు. ఎందరో సామంతుల పేర్లు చరిత్రకు అందలేదు గాని ఈ కుక్క పేరు మిగిలింది. 12వ శతాబ్దంలో చాళుక్య రాజు మూడవ సోమేశ్వరుడు రాయించిన మానసోల్లాసంలో రాజుల వినోదాల నడుమ కుక్కలకు ఒక అధ్యాయమే ఉంది.

రాజపాళయం జాగిలం పనీ అడవిపంది వేటే. ఇది వాసన కంటే చూపును నమ్ముకుని పరుగెత్తే జాతి. ఇలాంటి కుక్కకు తాడు ముఖ్యంగా వదలడానికే ఉపయోగపడుతుంది. జంతువు కంటపడేదాకా కుక్కను బిగపట్టి ఉంచాలి, కనపడగానే క్షణంలో విడిచిపెట్టాలి. ముందే వదిలితే బలం వృథా అవుతుంది. ముడి విప్పడం ఆలస్యమైతే పంది పొదల్లో కలిసిపోతుంది. పొదల్లో చిక్కుకున్న తాడు కుక్క ప్రాణానికే ముప్పు గనుక విడిచిన కుక్క మెడ ఖాళీగా ఉండటమే మేలు.

పాళెగాళ్ల యుద్ధాల్లో ఈ కుక్కలను తెల్లవారి గుర్రపు దళాల మీదికి ఉసిగొల్పారని ఇక్కడ తరతరాలుగా చెప్పుకుంటారు. రాజపాళయానికి దక్షిణాన పులిదేవర్, ఇంకా అవతల కట్టబొమ్మన్ అనే పాళెగాళ్లు ఏలిన సీమలు ఉన్నాయి. కట్టబొమ్మన్‌ను కయత్తారులో ఉరితీసింది 1799లో. ఈ కథను చరిత్రగా కాక ఊరి అభిమానంగా చదువుకోవడం మంచిది. పాళెగాళ్ల ఇళ్లలో వేటకుక్కలు ఉండేవనడంలో మాత్రం వింత లేదు.

20వ శతాబ్దంలో కుక్క పని మారింది. పి.ఎ.సి. రామసామి రాజా 1936లో రాజపాళయం మిల్లును స్థాపించారు. నూలు మిల్లులతో ఊరి బతుకుతెరువు మారింది. తళవాయిపురం కూడా నేడు నైటీల కుట్టుపనికి పేరుపడ్డ ఊరు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను మూసేసింది. అడవిపందుల కోసం కుక్కలు పరుగెత్తిన కొండ అంచులను ఆనుకునే 2021లో శ్రీవిల్లిపుత్తూరు-మేఘమలై పులుల అభయారణ్యం ఏర్పడింది. జాగిలం తోటలకూ ఇంటి గేట్లకూ కాపలాదారయింది. అంతదాకా విడవడానికి ఉన్న తాడు ఇప్పుడు కట్టి ఉంచే గొలుసుగా మారింది. మైళ్ల కొద్దీ పరుగెత్తడానికి పుట్టిన జాతికి ఇది చిన్న మార్పు కాదు. కట్టేసి ఉంచిన కుక్క ఒక్క యజమానినే నమ్మి, కొత్తవారిని దగ్గరికి రానివ్వదు. ఈ జాతికి ఆ స్వభావం మొదటి నుంచీ ఉన్నదే, గొలుసు దాన్ని ఇంకా ముదరబెడుతుంది.

అందుకే పిల్లగా ఉన్నప్పుడే మెడ బెల్టు అలవాటు చేస్తారు. మొదట తేలికైన బెల్టు కట్టి, తిండి పెట్టే వేళ మాత్రమే ఉంచాలి. కుక్కపిల్ల దాన్ని గీరుకోవడం మానేశాక చిన్న తాడు తగిలించి ఇంట్లో ఈడ్చుకుంటూ తిరగనివ్వాలి. ఆ తర్వాతే తాడు కొస చేతిలోకి తీసుకోవాలి. బెల్టుకూ మెడకూ మధ్య రెండు వేళ్లు దూరితే బిగువు సరిగ్గా ఉన్నట్టు.

తెలుపు రంగు మీది మోజు ఈ జాతికి పెద్ద కీడు చేసింది. మచ్చలున్న, గోధుమ రంగు పిల్లలను పక్కనపెట్టి తెల్లవాటినే పెంచుతూ పోవడంతో చెవుడు బలపడింది. చర్మానికి రంగునిచ్చే కణాలే లోపలి చెవికీ అవసరం. అవి లేనప్పుడు వినికిడి కణాలు పుట్టిన కొద్ది వారాల్లో చచ్చిపోతాయి. నీలికళ్ల తెల్లపిల్లుల్లోనూ చెవుడు ఎక్కువ; నీలికళ్ల పిల్లులు చెవిటివని డార్విన్ 1859లోనే రాశాడు. అక్కడా కారణం ఇదే. చెవిటి కుక్కకు పిలుపు పనిచేయదు. చేతి సైగ, తాడు మీది మెల్లని లాగుడు, ఈ రెండే దానికి ఆజ్ఞలు. బజారులో తాడు లేకుండా వదిలితే వెనక నుంచి వచ్చే లారీ సంగతి దానికి తెలియదు.

జాతిని నిలబెట్టే ప్రయత్నాలు ఆలస్యంగా మొదలయ్యాయి. చెన్నైలోని సైదాపేటలో రాష్ట్ర పశుసంవర్ధక శాఖ దేశీయ కుక్కల పెంపక కేంద్రాన్ని నడిపింది. 2005లో తపాలా శాఖ నాలుగు దేశీయ జాతుల బిళ్లలు వేస్తే అందులో రాజపాళయానికి ఒకటి దక్కింది. 2020 ఆగస్టులో ప్రధాని రేడియో ప్రసంగంలో దీని పేరు రావడంతో గిరాకీ పెరిగింది. కర్నాల్‌లోని జాతీయ పశు జన్యు వనరుల సంస్థ దీన్ని గుర్తింపు పొందిన దేశీయ జాతిగా నమోదు చేసింది. గిరాకీతో పాటు హడావుడి పెంపకమూ పెరుగుతుంది గనుక, పిల్లను కొనేవారు ఐదారు వారాల వయసు దాటాక దానికి కనపడకుండా వెనక నిలిచి చప్పట్లు కొట్టి చూడాలి. చెవి కదలకపోతే వైద్యుడి చేత వినికిడి పరీక్ష చేయించాలి.