ప్రభావము, గ్రాహకము: ఔషధకర్మ విచారణ

గోదావరీ శాఖయైన వైనతేయ నది ఓడలరేవు వద్ద సాగరసంగమం పొందుతుంది. మాతృదాస్య విమోచనానికై అమృతకలశాన్ని తెచ్చిన గరుత్మంతుని నామమే ఆ నదికి చెల్లింది. అట్టి గోదావరీ డెల్టాలో తరతరాలుగా జనులను పీడించిన వ్యాధి బోదకాలు. ఆయుర్వేదం దీనిని శ్లీపదమన్నది.

ద్రవ్యం దేహంలో ఎట్లు పనిచేస్తుంది? ప్రాచీన వైద్యులు ఈ ప్రశ్నకు రసం, గుణం, వీర్యం, విపాకం, ప్రభావం అనే పదాలతో సమాధానమిచ్చారు. నాలుకకు తెలిసేది రసం. కార్యాన్ని సాధించే శక్తి వీర్యం. జీర్ణానంతర పరిణామం విపాకం. చిత్రకం, దంతి రెండింటికీ రస, వీర్య, విపాకాలు సమానమే. అయినా దంతి మాత్రమే విరేచనకారి. ఈ విశేషాన్ని చరకసంహిత ప్రభావమన్నది.

భీమవరంలో 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు యౌవనంలో సన్న్యాసాన్ని కోరి, తల్లి అనుమతి లభించక వైద్యవిద్య వైపు మరలారు. మద్రాసు ఆయుర్వేద కళాశాలలో బోధించి, అనంతరం అమెరికా చేరారు. లెడర్లీ సంస్థలో ఆయన బృందం ఫోలిక్ ఆమ్లాన్ని కృత్రిమంగా నిర్మించింది. దానిని పోలిన అమినోప్టెరిన్‌ను సైతం రూపొందించింది. ఫోలిక్ ఆమ్లంతో పనిచేయవలసిన ఎంజైమును ఈ పోలిక ద్రవ్యం ఆక్రమించి, కణవృద్ధిని నిరోధిస్తుంది. ఇట్టి నిరోధకానికి ప్రతిరోధి అని పేరు. ఔషధం చేరి పట్టుకొనే స్థానం గ్రాహకం. బోస్టన్‌లో సిడ్నీ ఫార్బర్ 1948లో రక్తకేన్సర్ సోకిన బాలురకు దీనిచే తాత్కాలికోపశమనం కలిగిందని ప్రకటించారు.

ఆ బృందమే 1947లో శ్లీపదానికి డైఇథైల్‌కార్బమజైన్‌ను అందించింది. మాత్ర ప్రేగులనుండి రక్తంలో చేరడం శోషణం. దేహమంతటా వ్యాపించడం వితరణం. రూపాంతరం చెందడం జీవపరివర్తనం. మూత్రాదుల ద్వారా వెలువడడం విసర్జనం. రక్తంలో దాని పరిమాణం సగమగుటకు పట్టే కాలం అర్ధాయువు. ఈ మందుకు అది కొన్ని గంటలే. రాత్రివేళ రక్తంలో సంచరించే సూక్ష్మక్రిములు నశిస్తాయి. తల్లిపురుగులు పూర్తిగా నశింపవు. అందుకే సామూహిక వితరణలో ఏటేటా మాత్ర ఇస్తారు.

కాలు వాయనివాడు “నాకెందుకు?” అని నిరాకరించడం ఈ పదాలు తెలియకపోవడం వలననే. అతని రక్తంలోని క్రిమి దోమద్వారా పొరుగువారికి చేరుతుంది; చిరకాలపు వాపును మాత్ర తొలగింపజాలదు. గర్భిణులు, రెండేండ్లలోపు శిశువులు, తీవ్రరోగులు దీనిని సేవింపరాదు.

ప్రభావమూ గ్రాహకమూ ఒకటేయని చెప్పడం శాస్త్రసమ్మతం కాదు. ప్రాచీనులు ప్రభావాన్ని అచింత్యమన్నారు. ఆ మౌనం ప్రశ్నను ముగించలేదు, నిలిపి ఉంచింది. ఆ ప్రశ్ననే జీవితాంతం అన్వేషించి, 1948లో దేహం చాలించిన సుబ్బారావు కాషాయం ధరింపని తపస్వి.