కెమెరా వీధిలోకి దిగిన వేసవి

1950ల చివరిదాకా డాక్యుమెంటరీల్లో మామూలు మనుషులు కనిపించేవారు, వినిపించడం మాత్రం తక్కువ. గని కార్మికుడు బొగ్గు తవ్వుతుంటే, జాలరి వల విసురుతుంటే, వాళ్ల బతుకు గురించి స్టూడియోలో కూర్చున్న ఇంకెవరి గొంతో చెప్పేది. తప్పంతా దర్శకులదే అనలేం. మాటనూ బొమ్మనూ ఒకేసారి పట్టే కెమెరాలు మోయలేనంత బరువు. మోటారు రొద మైకులో పడకుండా వాటికి పెద్ద తొడుగు వేయాలి. ఆ సరంజామా అంతా స్టాండుకెక్కించి, లైట్లు పెట్టి, ‘ఇక మాట్లాడండి’ అనేసరికి ఎదుటి మనిషి నటుడైపోయేవాడు.

ఈ చిక్కుముడిని విప్పినవాటిలో 1960 వేసవిలో పారిస్‌లో తీసిన ‘క్రోనిక్ దున్ ఏతే’ (ఒక వేసవి కథనం) అనే సినిమా ఒకటి. దాన్ని తీసినవాళ్లు ఇద్దరు. జాఁ రూష్ సివిల్ ఇంజనీరుగా నైజర్ వెళ్లి, అక్కడి జనం మీద మక్కువతో మానవశాస్త్రంలోకి వచ్చినవాడు. పశ్చిమ ఆఫ్రికాలో ఏళ్ల తరబడి సినిమాలు తీశాడు. ఎడ్గార్ మొరాఁ సమాజ శాస్త్రవేత్త. జర్మన్ ఆక్రమణ కాలంలో రహస్య ప్రతిఘటనలో పనిచేశాడు. తర్వాత కమ్యూనిస్టు పార్టీలో ఇమడలేక వెలి పడ్డాడు. 1959 చివర్లో ఫ్లోరెన్స్ చిత్రోత్సవానికి ఇద్దరూ న్యాయనిర్ణేతలుగా వెళ్లారు. అక్కడే మొరాఁ ఒక ప్రతిపాదన పెట్టాడు. ఇన్నేళ్లూ ఆఫ్రికా తెగల మీద కెమెరా పెట్టావు కదా, ఇప్పుడు మన తెగ మీద పెట్టు, పారిస్ జనం ఎలా బతుకుతున్నారో తీద్దాం అని.

నా దృష్టిలో ఆ తర్వాత వచ్చిన కెమెరా కంటే ఈ ఆలోచనే పెద్దది. అప్పటిదాకా పరిశీలించేది పాలించేవాడు, పరిశీలనకు గురయ్యేది పాలితుడు. ఫ్రాన్స్ అల్జీరియాలో యుద్ధం చేస్తున్న రోజులవి. ఆఫ్రికా దేశాలు ఒకటొకటిగా స్వతంత్రమవుతున్నాయి. అలాంటి సమయంలో ఒక ఫ్రెంచి మానవశాస్త్రవేత్త తన ఊరి జనాన్నే ‘మీరెలా బతుకుతున్నారు?’ అని అడగడానికి పూనుకున్నాడు. సినిమాకు మొదట అనుకున్న పేరు కూడా ఆ ప్రశ్నే. దాని వెనకున్న ఆలోచనకు మొరాఁ ‘సినేమా వెరితే’ (సత్య సినిమా) అని పేరు పెట్టి, 1960 జనవరిలో పత్రికలో వ్యాసం రాశాడు. రష్యాలో దర్శకుడు జీగా వెర్తోవ్ 1920ల్లో వాడిన ‘కీనో ప్రావ్దా’కు అది ఫ్రెంచి రూపం.

నిర్మాత అనతోల్ దోమాఁ దొరికాడు. మొదట్లో చిత్రీకరణ ఇళ్లలో, భోజనాల బల్లల చుట్టూ సాగింది. రూష్‌కు అది చాలలేదు. మనిషి నడిస్తే కెమెరా కూడా నడవాలన్నది ఆయన పట్టు. ఎక్లేర్ కంపెనీలో ఆంద్రే కూతాఁ అనే ఇంజనీరు 16 ఎం.ఎం. తేలికపాటి కెమెరా ఒకటి తయారు చేస్తున్నాడు. ఇంకా నమూనా దశలోనే ఉన్న దాన్ని వీధిలోకి పట్టుకెళ్లారు. లోపాలు బయటపడుతున్నకొద్దీ సరిచేస్తూ వచ్చారు. శబ్దం కోసం స్టెఫాన్ కుదెల్స్కీ తయారు చేసిన నాగ్రా టేపు రికార్డరు ఉంది, భుజాన వేలాడదీసుకోవచ్చు. ఇక ఆ కెమెరా పట్టుకుని నడవగల మనిషి కావాలి. మాంట్రియల్ నుంచి మిషెల్ బ్రోను పిలిపించారు. దూరాన నిలబడి జూమ్ చేయడం కాదు, వైడ్ లెన్సు పెట్టుకుని జనం మధ్యకు వెళ్లాలన్నది ఆయన పద్ధతి. దుస్తులకు తగిలించుకునే చిన్న మైకుల వాడకం కూడా ఆయన ద్వారానే అక్కడికి చేరింది.

ఇద్దరు యువతులు మైకు పట్టుకుని దారిన పోయేవాళ్లను ‘మీరు ఆనందంగా ఉన్నారా?’ అని ఆపి అడిగారు. కొందరు విననట్టు వెళ్లిపోయారు. కొందరు నిలబడి మనసు విప్పారు. ఆ యువతుల్లో ఒకరు మార్సెలిన్ లొరిదాఁ. ఆమె యూదు. పదహారేళ్ల వయసులో, 1944లో, తండ్రితో కలిపి నాజీలు ఆమెను నిర్బంధ శిబిరాలకు పంపారు. ఆమె బిర్కెనౌ శిబిరం నుంచి బతికి వచ్చింది, తండ్రి రాలేదు.

ఆగస్టులో పారిస్ ఖాళీ అయిపోతుంది. అప్పుడు ఆమె కోటు కింద నాగ్రా తగిలించుకుని, మైకు పెట్టుకుని కాంకార్డ్ కూడలిలో ఒంటరిగా నడిచింది. పక్కన ఎవరూ లేరు. గొణుక్కుంటున్నట్టు తండ్రిని తలుచుకుంటూ మాట్లాడింది. తర్వాత లె హాల్ అనే పాత టోకు మార్కెట్టు ఇనుప కప్పు కింద నడిచింది. అక్కడ కెమెరాను ఒక చిన్న సిత్రోయెన్ కారులో పెట్టి, ఇంజను చప్పుడు రాకుండా చేతులతో తోసుకుంటూ పోయారు. కారు ఆమెకంటే వేగంగా వెనక్కి జరుగుతుంది. పెద్ద షెడ్డులో ఆమె ఆకారం చిన్నదైపోతూ ఉంటుంది, గొంతు మాత్రం మన చెవి పక్కనే ఉంటుంది. శిబిరం నుంచి తిరిగొచ్చిన రోజు స్టేషనులో ఎదురైన ఇంటివాళ్ల సంగతి చెబుతుంటుంది. ఏం చెబుతోందో ఆ క్షణంలో దర్శకులకూ వినపడలేదు. టేపు పెట్టుకుని విన్నాకే తెలిసింది. దర్శకుడి ఎదుట, లైట్ల కింద ఆ మాటలు వచ్చి ఉండేవని నేననుకోను.

ఇంకో ఘట్టం మానవ మ్యూజియం మిద్దె మీద. భోజనాల దగ్గర జాతుల గురించి కబుర్లు నడుస్తుంటాయి. ఆఫ్రికా నుంచి చదువుకు వచ్చిన కుర్రాళ్లను రూష్ అడుగుతాడు: మార్సెలిన్ చేతి మీద పచ్చబొట్టులా ఉన్న ఆ అంకె ఏమిటో తెలుసా? వాళ్లకు తెలియదు. చెప్పాక మాటలు ఆగిపోతాయి. యూరప్ తనలో తాను చేసుకున్న ఘోరం, అదే యూరప్ పాలించిన దేశాల యువకులకు తెలియకపోవడం, రెండూ ఒకే బల్ల దగ్గర బయటపడ్డాయి. ఏ వ్యాఖ్యాతా ఇంత సూటిగా చెప్పలేడు.

సుమారు 25 గంటల ఫిల్మును గంటన్నరకు కుదించారు. కుదించకముందే, తీసిన భాగాలను అందులో కనిపించినవాళ్లకే వేసి చూపించి, వాళ్లేమన్నారో అదీ చిత్రించి సినిమాలో చేర్చారు. వాళ్లంతా పొగడలేదు. కొందరు ఇదంతా నటన అన్నారు, ఇంకొందరు ఇంత బాహాటంగా మనసు విప్పడం సిగ్గుచేటన్నారు. ఆ తర్వాత ఇద్దరు దర్శకులూ మ్యూజియం హాల్లో అటూ ఇటూ నడుస్తూ తాము ఎక్కడ నెగ్గామో, ఎక్కడ తప్పామో చర్చించుకుంటారు. ఈ సినిమాలో నాకు అన్నిటికంటే విలువైన భాగం ఇదే. సినిమాలో కనిపించినవాళ్లకు అభ్యంతరం చెప్పే చోటు సినిమాలోపలే దక్కింది.

1961లో కాన్ చిత్రోత్సవంలో ఈ సినిమాకు విమర్శకుల బహుమతి వచ్చింది. ఫ్రెంచి దర్శకుడు క్రిస్ మార్కెర్ 1962 మే నెలలో అలాగే పారిస్ వీధుల్లోకి వెళ్లి ‘ల్ జోలీ మే’ తీశాడు. బ్రో తిరిగి క్యూబెక్ వెళ్లి, పియేర్ పెరోతో కలిసి ఒక దీవి జనం మధ్య సినిమా తీశాడు. అమెరికాలో రాబర్ట్ డ్రూ, రిచర్డ్ లీకాక్ బృందం ఇదే కాలంలో వేరే దారి పట్టింది. 1963లో ఫ్రాన్స్‌లోని లియాఁలో జరిగిన సమావేశంలో ఈ రెండు పక్షాలూ ఎదురుపడ్డాయి. కెమెరా ఉన్నట్టే తెలియకూడదని లీకాక్ పక్షం, కెమెరా ఉండబట్టే మనుషులు కొన్ని నిజాలు బయటపెడతారని రూష్ పక్షం. ఈ వాదులో నేను రూష్ వైపే. కెమెరా లేకపోతే మార్సెలిన్ ఆ మార్కెట్టులో తండ్రితో మాట్లాడేది కాదు.

ఆమె తర్వాత తానే దర్శకురాలైంది. డాక్యుమెంటరీ దర్శకుడు యోరిస్ ఇవెన్స్‌ను పెళ్లాడి, ఆయనతో కలిసి వియత్నాంలో, చైనాలో సినిమాలు తీసింది. 2003లో విడుదలైన తన కథాచిత్రం కోసం మళ్లీ బిర్కెనౌకు వెళ్లింది, ఈసారి దర్శకురాలిగా.